నొప్పించిన మాటని వదిలేయడం ఎలా: లెక్కలు రాసే మనిషి నేర్చుకున్న పద్ధతి

నేను 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఆఫీసులో ఉద్యోగంగా, చర్చిలో సేవగా. ఇక్కడ చెప్పబోయేది డబ్బు లెక్కల గురించి కాదు, మనల్ని నొప్పించిన మాటని ప్రభువు కోసం వదిలేయడం గురించి. కానీ ఆ సంగతి నాకు అర్థమైంది పద్దుల పుస్తకం ద్వారానే, కాబట్టి ఆ మాటలే వస్తాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల లెక్క చూసి, పుస్తకం బీరువాలో పెట్టి బయటికి వచ్చాను. మెట్ల దగ్గర ఐదుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. క్వయర్‌లో నా పక్కనే నిలబడి పాడే ఆవిడ నన్ను చూసి నవ్వుతూ అంది: "అక్కని లెక్కలు మాత్రం అడక్కండి, కోపమొచ్చేస్తుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి బ్యాగు బల్ల మీద పెట్టి, లైటు కూడా వేసుకోకుండా చాలాసేపు కూర్చుండిపోయాను. డబ్బు ముట్టుకునే మనిషికి నమ్మకం తప్ప వేరే ఆస్తి లేదు. ఆవిడ నవ్వుతూ ముట్టుకున్నది దాన్నే.

నేను ఆవిడని ఏమీ అనలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. "క్షమించేశాను" అనుకున్నాను. ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాను.

ఆ ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనబడుతుంది. క్వయర్‌లో ఆవిడ పక్క నుంచి రెండు స్థానాలు అవతలికి జరిగాను, "అక్కడ మైకు బాగా వినబడుతుంది" అని చెప్పి. ఆవిడ పాటలో ఒక చోట శ్రుతి తప్పితే నాకు లోపల ఒక చిన్న తృప్తి. వాళ్ల పిల్లాడికి జ్వరం తగ్గడం లేదని మెసేజ్ పెడితే "ప్రార్థిస్తున్నాను అమ్మా" అని జవాబిచ్చాను. ప్రార్థించలేదు. ఒక బుధవారం ప్రార్థన కూటంలో పేర్లు రాసే పని నాకు పడింది. ఒక్కొక్కరూ చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఎవరో ఆ పిల్లాడి పేరు చెప్పారు. కలం కాగితం మీద ఆగిపోయింది. మొదటి అక్షరం రాసి ఆగిపోయింది. పక్కనున్నావిడ "వినబడలేదా?" అని మళ్లీ చెప్పింది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఆ మాటని వదిలేయలేదని. నోరు మూసుకున్నాను, అంతే. నోరు మూసుకోవడం వేరు, పద్దు మూసేయడం వేరు.

సామెతలు 19:11 మనలో చాలామందికి కంఠతా వచ్చు: "ఒకని సుబుద్ధి వానికి దీర్ఘశాంతము నిచ్చును, తప్పులు క్షమించుట అట్టివానికి ఘనతనిచ్చును." మన బైబిల్లో "తప్పులు క్షమించుట" అని ఉన్నచోట హెబ్రీలో ఉన్నది "అతిక్రమాన్ని దాటిపోవడం" అనే మాట. దారిలో ఏదో అడ్డంగా పడి ఉంది. దాని మీద తగువు పెట్టుకోకుండా, దాన్ని చూడనట్టు నటించకుండా, చూసి దాటి ముందుకెళ్లడం. మీకా 7:18లో "నీతో సముడైన దేవుడున్నాడా?" అని ప్రవక్త ఆశ్చర్యపోయేది కూడా దేవుడు ఇలా అతిక్రమాన్ని దాటిపోతాడు కాబట్టే. అక్కడా అదే మాట. అంటే మనం చేసేది మనం కనిపెట్టిన ఓర్పు కాదు, ఆయన చేసేదాన్ని చిన్నగా చేయడం.

ఇది మీరు కొట్టేయగల బాకీయేనా?

మొట్టమొదట తేల్చుకోవలసింది ఇదే. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా తప్పుదారి పడుతుంది.

మా పనిలో ఒక నియమం ఉంది. నాకు రావలసిన బాకీని నేను కొట్టేయవచ్చు, అంటే ఇక అడగనని పుస్తకంలోంచి తీసేయవచ్చు. వేరేవాళ్లకి రావలసిన బాకీని కొట్టేసే అధికారం నాకు లేదు. చర్చి కానుకల్లో తేడా వస్తే "పోనీలే, ప్రేమ దోషాలన్నిటినీ కప్పుతుంది" అని నేను సంతకం పెట్టలేను. ఆ డబ్బు నాది కాదు. అలాగే ఒక పిల్లవాడికి జరిగిన కీడుని పెద్దవాళ్లు "మేం క్షమించేశాం" అనడానికి లేదు. ఇంట్లో ఒకరు చేయి చేసుకుంటున్నారు, బెదిరిస్తున్నారు, ఒంటి మీద దెబ్బలున్నాయి అంటే అది దాటిపోవలసిన విషయం కానే కాదు. అక్కడ ముందు చేయవలసింది క్షేమంగా ఉండే చోటికి వెళ్లడం, నమ్మకమున్న మనిషికి చెప్పడం, చట్టం సహాయం తీసుకోవడం. "ఓర్చుకో అమ్మా, అదే నీ సిలువ" అని ఎవరైనా చెబితే ఆ మాట వినొద్దు. ఈ ఒక్క విషయంలో నాకు ఎంత చెప్పినా తృప్తి ఉండదు. చిన్న మాటల కోసం రాసిన వచనాన్ని పెద్ద దెబ్బల మీద కప్పడం వల్ల ఎందరో ఏళ్ల తరబడి నలిగిపోయారు.

ఇంకో రకం ఉంది. ఎదుటి మనిషి ఆ తప్పులోనే కూరుకుపోతుంటే, అది వాళ్లనే నాశనం చేస్తుంటే, చూసి ఊరుకోవడం ప్రేమ కాదు. "నీ హృదయములో నీ సహోదరుని మీద పగపట్టకూడదు" అని లేవీయకాండం 19:17 చెబుతుంది, ఆ వెంటనే అతణ్ని గద్దించమనీ చెబుతుంది. యేసు కూడా మత్తయి 18:15లో వెళ్లి, నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు తప్పు తెలియజేయమన్నాడు. ఆ దారి గురించి తర్వాత చెబుతాను.

ఇవన్నీ తీసేయగా మిగిలేదే మన రోజువారీ జీవితంలో ఎక్కువ. పుల్లవిరుపు మాట. పిలవాల్సిన చోట పిలవకపోవడం. పేరు చెప్పి కృతజ్ఞతలు చెప్పాల్సిన చోట మన పేరు మాత్రం మరిచిపోవడం. ఎప్పుడో చేసిన సహాయానికి ఒక్క మాట కూడా అనకపోవడం. ఇవి మన సొంత బాకీలు. వీటిని కొట్టేసే అధికారం పూర్తిగా మనదే. నా మెట్ల దగ్గరి మాట ఇందులోదే.

అన్నది ఎంత, నేను కలుపుకున్నది ఎంత

ఆ బుధవారం రాత్రి ఇంటికి వచ్చి ఒక కాగితం తీసుకున్నాను. మధ్యలో నిలువుగా గీత గీశాను. ఎడమవైపు ఆవిడ అన్న మాటని ఉన్నదున్నట్టు రాశాను. ఒక్క వాక్యమే అది, ఐదు మాటలు. కుడివైపు ఆ మాట అర్థం అని నేను ఎనిమిది నెలలుగా అనుకుంటున్నవి రాశాను. "నేను డబ్బు తింటున్నానని ఆవిడ అనుమానం." "మిగతా నలుగురికీ ముందే చెప్పి పెట్టింది." "నేనంటే మొదటి నుంచీ ఓర్వలేదు." "నవ్వినవాళ్లందరూ అదే అనుకుంటున్నారు." కుడివైపు కాగితం నిండిపోయింది. వెనక్కి తిప్పి రాయాల్సి వచ్చింది.

పద్దుల పుస్తకంలో ఇలాంటిది కనబడితే ఆడిటర్ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి వోచర్ ఏది?" అంటే, రుజువు కాగితం ఏది అని. కుడివైపు రాసిన ఒక్కదానికీ నా దగ్గర వోచర్ లేదు. అదంతా నేను నా చేత్తో రాసుకున్న బాకీ. ఆవిడ నాకు ఇవ్వాల్సింది ఐదు మాటల బాకీ, నేను వసూలు చేస్తున్నది రెండు పేజీల బాకీ.

మీరూ ఇలా రాసి చూడండి. మనసులో అనుకుంటే సరిపోదు, కలంతో రాయాలి. ఎడమవైపు, పక్కన నిలబడి చూసిన మూడో మనిషి చెప్పగలిగినంత వరకే. "హేళనగా అంది" అని రాయొద్దు, "నవ్వుతూ అంది" అని రాయండి. రాసి చదివి, ఆ కాగితం చింపేయండి. దాచొద్దు. అది ఎవరి కంటా పడకూడదు, ఆరు నెలల తర్వాత మీ కంటా పడకూడదు.

అప్పుడే ప్రసంగి 7వ అధ్యాయంలో 21, 22 వచనాలు తీసి చదవండి. జనం అనే ప్రతి మాటనీ పట్టించుకోవద్దు, పట్టించుకుంటే నీ పనివాడు నిన్ను తిట్టడం కూడా నీకు వినబడుతుంది, నువ్వు కూడా ఎన్నోసార్లు ఇతరులని అలా అన్నావని నీకే తెలుసు అంటాడు అక్కడ. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది, అంతకు ఏడాది ముందు ఆఫీసులో ఒక కుర్రాడి గురించి "వాడికి కూడికలు కూడా రావు" అని నవ్వుతూ అన్నాను. వాడు తలుపు దగ్గరే ఉన్నాడు. వాడు వెళ్లి ఎంతసేపు చీకట్లో కూర్చున్నాడో నాకు తెలియదు. మర్నాడు వెళ్లి వాడికి క్షమాపణ చెప్పాను. "అదా మేడం, ఎప్పుడో మరిచిపోయాను" అన్నాడు. మరిచిపోలేదని కళ్లు చెప్పాయి. నన్ను వదిలేశాడు, అంతే. మనల్ని ఇలా చప్పుడు చేయకుండా దాటిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. మనకి తెలియనే తెలియదు.

పదివేల తలాంతులు

పేతురు "ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా?" అని అడిగినప్పుడు యేసు చెప్పిన కథ మత్తయి 18లో ఉంది: రాజు ఒక దాసుడి పెద్ద బాకీని కొట్టేస్తే, వాడు తనకి అంతకన్నా ఎంతో చిన్న బాకీ ఉన్న తోటి దాసుణ్ని వదల్లేదు. నేను ఆ కథని చిన్నప్పటి నుంచీ విన్నాను కానీ ఆ లెక్క ఎప్పుడూ వేసి చూడలేదు. ఆ వారంలో వేశాను.

ఆ దాసుడు రాజుకి బాకీ ఉన్నది పదివేల తలాంతులు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొత్తం ఆరు కోట్ల దేనారాలు. ఒక దేనారం ఆ రోజుల్లో కూలివాడి ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకి మాట్లాడుకున్నది అదే. ఏడాదికి 300 రోజులు పని చేశాడనుకున్నా, ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా కట్టినా, రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. "నా యెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అని వాడు బతిమాలుకున్నాడే, వాడికి తన బాకీ ఎంతో కూడా తెలియదు.

వాడికి తోటి దాసుడు ఇవ్వాల్సింది నూరు దేనారాలు. ఇక్కడ చాలామంది తొందరగా చదివేస్తారు. నూరు దేనారాలు చిల్లర కాదు. నూరు రోజుల కూలి, ఒక కుటుంబం మూడు నాలుగు నెలలు బతికే డబ్బు. నిజమైన బాకీయే. యేసు దాన్ని సున్నా అనలేదు. నాకు ఇందులో గొప్ప ఓదార్పు ఉంది. ఆవిడ మాట నన్ను నిజంగానే నొప్పించింది, ప్రభువు దాన్ని "ఏమీ లేదు పో" అనడం లేదు. దాని పక్కన ఆరు లక్షల రెట్లు పెద్ద బాకీని పెట్టి చూడమంటున్నాడు. నాకు కొట్టేసిన బాకీని.

ఈ మెట్టు దగ్గర నిలబడి, మీకు కొట్టేసినవి ఏమిటో పేరు పెట్టి చెప్పుకోండి. "నేను పాపిని ప్రభువా" అని గుండుగుత్తగా కాదు. ఫలానా రోజు ఫలానా అబద్ధం. ఫలానా మనిషి మీద ఫలానా ఈర్ష్య. నేను మూడు చెప్పేసరికే గొంతు పట్టేసింది. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో మన మీద రుణంగా ఉన్న పత్రాన్ని ఆయన సిలువకు కొట్టాడని ఉంది. ఆ పత్రం మీద ఉన్నవి ఇవే.

బాకీ కొట్టేయడం

ఇక్కడ పని తెలిసినవాళ్లకే అర్థమయ్యే సంగతి ఒకటి చెబుతాను. రాని బాకీని పుస్తకంలో కొట్టేస్తే, అంటే రైటాఫ్ చేస్తే, ఆ డబ్బు గాల్లో కలిసిపోదు. ఇవ్వాల్సినవాడి పేరు మీద నుంచి తీసి, రావలసినవాడి నష్టాల్లో రాస్తారు. ఎవరో ఒకరు మోయాల్సిందే. క్షమాపణ నొప్పిగా ఎందుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. నొప్పి ఉంది కాబట్టి నేను క్షమించలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి ఆ నొప్పి నష్టం నా వైపుకి రాసుకున్నందుకు. సిలువ మీద దేవుడు చేసింది అదే, ఆ నష్టాన్ని తన వైపుకి రాసుకున్నాడు.

కాబట్టి ప్రార్థనలో ముందు నష్టాన్ని పేరు పెట్టి చెప్పండి. పైకి, మీ చెవులకి వినబడేలా. నేను ఇలా చెప్పాను: "ప్రభువా, ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు సిగ్గేసింది. నా నమ్మకం మీద మచ్చ పడిందనిపించింది. ఆవిడ నాకు ఒక క్షమాపణ బాకీ ఉంది. దాన్ని నేను ఇక అడగను. మాటతో అడగను, ముఖం తిప్పుకుని అడగను, పక్కకి జరిగి నిలబడి అడగను. నువ్వు నాకు కొట్టేసినట్టే నేను కొట్టేస్తున్నాను." ఇందులో "ముఖం తిప్పుకుని" అన్న మాట ముఖ్యం. మనం ఎక్కువగా వసూలు చేసేది నోటితో కాదు.

న్యాయం సంగతేంటి అని మనసు అడుగుతుంది. అడగనివ్వండి. యేసు దూషింపబడినప్పుడు బదులు దూషించకుండా "న్యాయముగా తీర్పు తీర్చు దేవునికి తన్ను తాను అప్పగించుకొనెను" అని 1 పేతురు 2:23 చెబుతుంది. కేసు మూతపడలేదు, సరైన కోర్టుకి వెళ్లింది. ఆవిడ మనసులో ఏముందో ఆయనకి తెలుసు, నా మనసులో ఏముందో కూడా.

ఇక్కడే నన్ను భయపెట్టే ఒక కథ. దావీదు రాజు తన మీద తిరగబడిన కొడుకు అబ్షాలోము నుంచి పారిపోతున్నప్పుడు షిమీ అనేవాడు దారి పొడుగునా శపిస్తూ రాళ్లు రువ్వాడు. వాడి తల తీస్తానన్న తన మనిషి అబీషైని దావీదు ఆపాడు. తిరిగి వచ్చేటప్పుడు షిమీ కాళ్ల మీద పడితే, నువ్వు చావవని ప్రమాణం చేశాడు. అక్కడికి కథ అయిపోయిందనుకుంటాం. కానీ 1 రాజులు 2లో, మరణ పడక మీద, దావీదు తన కొడుకు సొలొమోనుకి షిమీ పేరు ఎత్తి, వాణ్ని నిర్దోషిగా ఎంచొద్దని, నెరసిన వెంట్రుకలతో వాణ్ని సమాధికి దింపమని చెప్పాడు. రాజ్యం క్షేమం కోసం అలా చెప్పాడని కొందరు వివరిస్తారు. కావచ్చు. నేను మాత్రం ఆ వచనాలు చదివినప్పుడల్లా నా పుస్తకం తెరిచి చూసుకుంటాను. దేవుని హృదయానుసారుడైన మనిషి పుస్తకంలోనే ఒక పేరు అన్నేళ్లు చెరగకుండా ఉండగలిగితే, నా పుస్తకంలో ఉండదా?

మా పనిలో దీనికి పోలిక ఉంది. బాకీని పూర్తిగా కొట్టేయకుండా, "రాకపోవచ్చు" అని కొంత పక్కన పెట్టుకుంటాం. బాకీదారుడి పేరు పుస్తకంలో అలాగే ఉంటుంది. ఎప్పటికైనా వస్తుందేమో చూద్దాం అని. "క్షమించాను కానీ గుర్తుంచుకుంటాను" అన్న మాట సరిగ్గా ఇదే. దాన్ని కొట్టేయడం అనరు.

మళ్లీ గుర్తొచ్చినప్పుడు

వస్తుంది. నాకు ఆ ప్రార్థన చేసిన మూడో రోజే వచ్చింది, బట్టలు ఆరేస్తుంటే. అదే నవ్వు, అదే మెట్లు. మొదట బెంబేలు పడ్డాను, చేసిందంతా వృథా అనుకుని. కాదు. కొట్టేసిన బాకీ కాగితం పాత ఫైల్లో కనబడితే మళ్లీ వసూలుకి బయల్దేరం కదా. "ఇది తేలిపోయింది" అని చూసి పక్కన పెడతాం. నేను కూడా పైకే అనేదాన్ని: "అది తేలిపోయింది ప్రభువా." మొదట్లో రోజుకి నాలుగైదుసార్లు అనాల్సి వచ్చింది. తర్వాత వారానికి ఒకసారి. 1 కొరింథీ 13:5లో ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్నచోట గ్రీకులో ఉన్నది లెక్కలో రాసుకోవడానికి వాడే మాట. దేవుడు లోకం అపరాధాలని వాళ్ల మీద మోపలేదని 2 కొరింథీ 5:19లో ఉన్నదీ అదే మాట. గుర్తు రావడం మన చేతిలో లేదు. మళ్లీ పద్దు రాయడం మాత్రం మన చేతిలోనే ఉంది.

నోటి విషయంలో ఒక్క జాగ్రత్త. "జరిగిన సంగతి మాటిమాటికి ఎత్తువాడు మిత్రభేదము చేయును" అని సామెతలు 17:9. మనం విశ్వాసులం కాబట్టి నేరుగా చాడీలు చెప్పం, ప్రార్థన మనవి రూపంలో చెబుతాం. "ఫలానా ఆవిడ కోసం ప్రార్థించండి, ఆవిడ నాలుక విషయంలో..." అని. నేను ఆ మాట టైపు చేసి చెరిపేసిన సందర్భం ఉంది. స్క్రీన్‌షాట్లు కూడా అంతే. ఫోన్లో ఉంటే తీసేయండి. ఉన్నంతకాలం అది వోచర్‌లా పనికొస్తుందని మనసుకి తెలుసు. నిజంగా ఎవరితోనైనా చెప్పుకోవాల్సి వస్తే ఒక్కరికే చెప్పండి, మీ వైపు మాట్లాడేవాళ్లకి కాదు, మిమ్మల్ని సరిదిద్దగలిగినవాళ్లకి.

ఆ తర్వాత ఒక చిన్న పని చేయాలి. మనసు కుదుటపడ్డాక చేద్దాం అనుకుంటే ఎప్పటికీ చేయం. నేను తర్వాతి శనివారం ప్రాక్టీసులో నా పాత చోటికి, ఆవిడ పక్కకి వెళ్లి నిలబడ్డాను. కాళ్లు బరువుగా ఉన్నాయి. "బాబుకి ఎలా ఉంది?" అని అడిగాను. జ్వరం తగ్గి చాలా రోజులైంది, స్కూలుకి కూడా వెళ్తున్నాడు అంది. నాకు తెలియదు ఆ సంగతి. ఎలా తెలుస్తుంది, నేను అడగలేదు కదా. ఆవిడ పాట పుస్తకం నా వైపు జరిపింది, ఎప్పట్లాగే, సగం సగం పట్టుకోవడానికి. ఆవిడకి ఆ ఎనిమిది నెలల గురించి ఏమీ తెలియదు. ఈ రోజుకీ తెలియదు. "నిన్ను క్షమించాను" అని వెళ్లి చెప్పకండి. చెబితే అది దాటిపోవడం కాదు, ఇంకో రకంగా బిల్లు పంపడం.

దాటలేకపోతే

నిజాయితీగా ప్రార్థించి, కాగితం రాసి చింపి, నాలుగైదు వారాలు చూశాక కూడా ఆ మనిషి ఎదురైతే గుండె దడ, నిద్రలో అదే మాట అయితే, మీరు ఓడిపోయినట్టు కాదు. ఇది చూపు తిప్పుకుని దాటే బాకీ కాదు, మాట్లాడి తేల్చే బాకీ అని తెలిసింది, అంతే. బలవంతంగా నొక్కిపెట్టకండి. మత్తయి 18:15 దారిలో వెళ్లండి, ఒంటరిగా, ఎదురెదురుగా. మెసేజ్‌లో వద్దు. లూకా 17:3లో కూడా అతడు తప్పిదం చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మా తమ్ముడితో నాకు అలా జరిగింది. అమ్మ జబ్బుగా ఉన్నప్పుడు వాడు ఒక మాట అన్నాడు, ఏమన్నాడో ఇక్కడ రాయను, అది తేలిపోయింది. దాన్ని దాటాలని రెండు నెలలు ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని, "ఒరేయ్, ఆ రోజు నువ్వు అన్న మాట నాలో ఉండిపోయింది. నువ్వు ఏ ఉద్దేశంతో అన్నావో నాకు తెలియదు. అడగకుండా మోయడం నా వల్ల కావడం లేదు" అన్నాను. వాడు కాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. "అక్కా, ఆ రోజు నేను భయంతో ఉన్నాను. ఎవరినో ఒకరిని అనాలి, నువ్వు కనబడ్డావు" అన్నాడు. అలా మాట్లాడినప్పుడు మూడు జాగ్రత్తలు పనికొస్తాయి: కాగితంలో ఎడమవైపు ఉన్నదే చెప్పడం, "నువ్వెప్పుడూ ఇంతే" అనకపోవడం, జవాబు వచ్చేదాకా ఆగడం. చివరిదే కష్టం.

ఒక మాటకి ఎప్పటికీ సమాధానం రాకపోవచ్చు. చనిపోయినవాళ్లతో, దూరమైపోయినవాళ్లతో మాట్లాడలేం. అప్పుడు మళ్లీ ఆ ప్రార్థన దగ్గరికే.

ఇంకొక్కటి. మా ఆఫీసులో సస్పెన్స్ ఖాతా అని ఉంటుంది. ఎక్కడ రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. వేయడం తప్పు కాదు, వేసి మరిచిపోవడమే తప్పు, ఏడాది చివరికి అది తీసుకొచ్చే తలనొప్పి మామూలుగా ఉండదు. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న ఎఫెసీ 4:26ని ఇప్పుడు నేను అలా పాటిస్తున్నాను. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు. ఈ రోజు ఎవరి మాట సస్పెన్స్‌లో పడింది? ఒక్కోసారి ఒక పేరు, ఒక్కోసారి మూడు, చాలా రోజులు ఏమీ ఉండదు. అన్నీ ఆ రాత్రికే తేలవు. కానీ ఏది తేలలేదో తెలిసి పడుకుంటాను.

పోయిన నెల ఆవిడ మళ్లీ ఒక మాట అంది. ఈసారి నా గొంతు గురించి, కొత్తగా చేరిన పిల్లల ముందు. పాత మాటకి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దీనికి రెండు రోజులు పట్టింది. కాగితం మీద ఎడమవైపు ఐదు మాటలు, కుడివైపు మూడు వాక్యాలు. రెండో రోజు సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసి, శనివారం ప్రాక్టీసు ఎన్నింటికని అడిగాను. ఆరింటికి అంది.